గేటు దగ్గర తూకం

మా కాలనీ గేటు దగ్గర పనిమనుషులను తూచే మిషన్ పెట్టించింది నేనే. చేత్తో మోసుకెళ్లి పెట్టలేదు, కాగితం మీద రాసి పెట్టించాను. ఈ మాట ఇంత సూటిగా చెప్పడం నాకు ఈ మధ్యే చేతనైంది.

నేను మేడ్చల్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ సాహిత్యం చెబుతాను. మాది కృష్ణా జిల్లా. ఉద్యోగం కోసం ఇటు వచ్చి, కొన్నేళ్లు అద్దె ఇళ్లలో తిరిగి, చివరికి శామీర్‌పేట దగ్గర ఒక గేటెడ్ కాలనీలో ఇల్లు కొనుక్కున్నాం. కాలనీలో సగానికి పైగా మావైపు వాళ్లే. ఆదివారం పూట పార్కులో కూర్చుంటే ఏ బెజవాడలోనో ఉన్నట్టు ఉంటుంది. గేటు బయట వినిపించే తెలుగు వేరు, లోపల వినిపించే తెలుగు వేరు. బయటి తెలుగు పొద్దున్నే షేర్ ఆటోల్లో వచ్చి, మా అంట్లు తోమి, బట్టలు ఉతికి, సాయంత్రానికి మళ్లీ షేర్ ఆటోల్లో వెళ్లిపోతుంది.

నేను చెప్పే పాఠాల్లో నాకు ప్రాణప్రదమైనది పద్దెనిమిదో శతాబ్దపు ఐరోపా వ్యంగ్య సాహిత్యం. ఆ రోజుల్లో రాజును విమర్శిస్తే జైలు, మతపెద్దను విమర్శిస్తే పుస్తకాలు తగలబెట్టేవారు. అందుకని రచయితలు పేరు లేకుండా అచ్చు వేయించేవారు. పక్క దేశంలో అచ్చు వేయించి దొంగచాటుగా తెప్పించుకునేవారు. తమ ఊరి సంగతులను ఎక్కడినుంచో వచ్చిన పరాయివాడి నోట చెప్పించేవారు. అన్నిటికన్నా పదునైన పద్ధతి ఇంకొకటి ఉంది. దుర్మార్గాన్ని తిట్టరు. ఎంతో మర్యాదగా, లెక్కలు చూపించి మరీ సమర్థిస్తారు. ఆ సమర్థనలోనే దాని బట్టలు ఊడతీస్తారు.

"కోపం వచ్చినవాడు అరుస్తాడు. తెలివైనవాడు ఒప్పుకుంటాడు. అవతలివాడికి వాడి ముఖం వాడికే కనిపించేదాకా ఒప్పుకుంటూనే పోతాడు" అని క్లాసులో చెప్పి ఒక్క క్షణం ఆగేవాణ్ణి. పిల్లలు నోట్సులో రాసుకునేవాళ్లు. ఆ ఒక్క క్షణం కోసమే ఏడాదంతా ఆ పాఠం ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూసేవాణ్ణి.

మా ఇంట్లో పని చేసే ఆమెది దేవరయాంజాల్. నలభై దాటి ఉంటాయి. మా ఇల్లు కాక ఇంకో మూడిళ్లు చేసేది. భర్తది సెంట్రింగ్ పని, పని ఉన్న రోజు ఉండేది, లేని రోజు లేదు. మనిషి దిట్టంగా ఉండేది. నేను రెండు చేతులతో పట్టుకుని ఆయాసపడే మంచినీళ్ల డబ్బాను ఒంటిచేత్తో ఎత్తి చంకన పెట్టుకునేది. నవ్వితే మూడిళ్లవతల వినిపించేది. నేను పుస్తకం పట్టుకుని వరండాలో కూర్చుంటే, "సార్, ఎన్ని దినాలు చదువుతవ్ గదే బుక్కు? ఇంక వొడవలేదా?" అని వెక్కిరించేది. నేను మీరు అంటే ఆమె నువ్వు అనేది. నాకు అది బాగుండేది.

వినాయక చవితి అయిన కొద్ది రోజులకు మా వీధిలోనే ఒకరింట్లో వెండి కుంకుమ భరిణె పోయింది. కాలనీ వాట్సాప్ గ్రూపు భగ్గుమంది. పనిమనుషుల సంచులు వెతకాలని ఒకరు, చీర కొంగులు కూడా వెతకాలని ఇంకొకరు, ఆడ గార్డును పెట్టాలని మరొకరు. ఎవరింట్లో ఏ చెంచా ఎప్పుడు పోయిందో పాత జాబితాలన్నీ బయటికి వచ్చాయి. రెండు రోజులు చదివాను. ఒళ్లు మండింది. నాకు ఒళ్లు మండితే ఏం చేస్తానో మీకు చెప్పాను కదా. అరవను.

ఒక నోటీసు రాశాను. కమిటీ రాసినట్టు, పేరు లేకుండా. అందులో కొంత ఇప్పటికీ నాకు నోటికి వచ్చు.

"సంచులు వెతకడం అనాగరికం. మనం చదువుకున్నవాళ్లం. కాబట్టి సంచిని వదిలి మనిషినే తూచాలని మనవి. పొద్దున లోపలికి వచ్చేటప్పుడు ఒకసారి, సాయంత్రం బయటికి వెళ్లేటప్పుడు ఒకసారి. బరువు పెరిగితే పెరిగినంతా మన సొత్తు. మీరు పెట్టిన టిఫినే తిన్నామని కొందరు వాదించవచ్చు. అందుచేత ఏ ఇంట ఎన్ని ఇడ్లీలు పెట్టారో ఆ ఇంటి ఇల్లాలు చీటీ రాసి పంపవలెను. పని చేసేటప్పుడు చెమట రూపంలో తగ్గే బరువు మాత్రం చిక్కు సమస్య. ఆ చెమట మన ఇళ్లలోనే కారింది కనుక అది కాలనీ ఆస్తి అవునో కాదో సర్వసభ్య సమావేశంలో తేల్చుకుందాం."

దాన్ని కాలేజీలో ప్రింటు తీసి, తెల్లవారుజామున వాకింగ్‌కు వెళ్తూ క్లబ్‌హౌస్ బోర్డు మీద అంటించాను. ఇంటికి వచ్చి కాఫీ తాగుతుంటే గుండె కొట్టుకోవడం నాకే వినిపించింది. అంత సంతోషంగా ఉన్నాను.

ఆ సాయంత్రమే కాలనీ అధ్యక్షుడు పార్కులో పట్టుకున్నాడు. ప్రభుత్వ శాఖలో పెద్ద హోదాలో రిటైరైన మనిషి, మావైపు ఆయనే, మృదువుగా మాట్లాడతాడు.

"మాస్టారూ, ఆ భాష మీదే. నా దగ్గర దాచకండి."

"వ్యంగ్యమండీ అది" అన్నాను, ముందే జాగ్రత్తగా.

"తెలుసండీ! నవ్వలేక చచ్చాం ఇంట్లో. మా ఆవిడ రెండుసార్లు చదివించుకుంది. ఆ చెమట సంగతి ఉందే, అబ్బ!" అని నా భుజం తట్టాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "కానీ ఆలోచించి చూస్తే పాయింటు ఉందండీ. సంచులు వెతికితే చేయి వేశారంటారు, గొడవ. తూకానికి ఎవరూ చేయి వేయక్కర్లేదు. ఎక్కి దిగడమేగా. జిమ్ములో మిషన్ ఊరికే పడుంది."

"మీరు నిజంగానే అంటున్నారా?"

"భయం కోసమండీ. తూస్తున్నారని తెలిస్తే చాలు, చేయి దానంతటదే ఆగుతుంది."

వాళ్లకు వ్యంగ్యం అర్థం కాలేదని చెప్పుకోగలిగితే నాకు ఊరటగా ఉండేది. ఆ ఊరట నాకు లేదు. వాళ్లకు అర్థమైంది. నవ్వారు, మెచ్చుకున్నారు. నేను ఏ అద్దం పట్టానో అందులో ముఖం చూసుకుని, ముఖం బాగానే ఉందనుకున్నారు. అప్పుడే, ఆ పార్కులోనే, "తప్పండీ, చెయ్యకండి" అని నాలుగు ముక్కలు సాదాగా చెప్పి ఉండవలసింది. కానీ ఆయన చెమట వాక్యాన్ని మెచ్చుకున్నాడు. నేను నవ్వాను.

ఇంటికి వచ్చి చెబితే నా భార్య చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. "వద్దని చెప్పలేదా మీరు?"

"నాలుగు రోజులు పోతే వాళ్లకే విసుగొచ్చి మానేస్తారులే" అన్నాను.

మానలేదు. జిమ్ములోని మిషన్ గేటు పక్కకు వచ్చింది. వాచ్‌మన్ ముందు ఒక నోట్‌బుక్కు. పొద్దున ఏడు గంటలకు ఆడవాళ్లు వరసలో నిలబడి, చెప్పులు విడిచి ఒక్కొక్కరే ఎక్కేవాళ్లు. వాచ్‌మన్‌కు చూపు సరిగ్గా ఆనదు. వంగి చూసి, రాసుకోవడానికి వీలుగా అంకెను గట్టిగా పలికేవాడు. స్కూలు బస్సు కోసం నిలబడ్డ పిల్లలు కూడా అంకెలు పలికేవాళ్లు. ఒక లావుపాటి ఆమె మిషన్ ఎక్కినప్పుడల్లా చప్పట్లు కొట్టేవాళ్లు. ఆమె మూడో రోజు నుంచి రావడం మానేసింది.

మొదటి రోజు మా ఇంట్లో పని చేసే ఆమె నవ్వుతూనే వచ్చింది. "మేడం, నేను యాభై ఆరు కిలోలంట! మా ఆయన నన్ను బియ్యం బస్తా అంటుండె. నిజమే జెప్పిండు." తర్వాత చీపురు అందుకుంటూ నావైపు తిరిగింది. "గా మిషన్ ఎవల తెలివి సార్?"

"కమిటీ వాళ్లది" అన్నాను.

నా భార్య నన్ను చూసింది.

వారం తిరక్కుండా భరిణె దొరికింది. ఆ ఇంటావిడే పండగ రోజు పట్టుచీరల మడతలో పెట్టి మరిచిపోయిందట. గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. మిషన్ సంగతి ఎవరూ ఎత్తలేదు. అప్పటికే అది గేటుకు ఒక భాగమైపోయింది.

దసరా వెళ్లింది, దీపావళి వెళ్లింది. మా ఇంట్లో చేసే ఆమె నవ్వు తగ్గింది. వచ్చి గబగబా పని చేసుకుని వెళ్లిపోయేది. నీళ్ల డబ్బా ఎత్తేటప్పుడు రెండు చేతులు వేయడం చూశాను. ఆ పొద్దు నాకు అనిపించినది ఒక్కటే, మిషన్ అవమానం ఆమెను ఎంత కుంగదీసిందో అని. కుంగదీసింది అన్న మాట నాకు నచ్చింది కూడా. ఎక్కడైనా వాడవచ్చనుకున్నాను.

"ఆవిడ దగ్గుతోందండీ, గమనించారా?" అంది నా భార్య ఒకరోజు.

"చలికాలం కదా. ఈ దుమ్ముకి ఎవరు దగ్గడం లేదు?"

కార్తీక మాసం చివర్లో ఒకరోజు కాలేజీ నుంచి వస్తూ గేటు దగ్గర ఆగి వాచ్‌మన్‌ను నోట్‌బుక్కు అడిగాను. ఆయన సంబరంగా ఇచ్చాడు. "సూడున్రి సార్, ఒక్క దినం గూడ ఇడ్వలే."

మా ఇంట్లో చేసే ఆమె పేరు ఎదురుగా ఉన్న అంకెలు వరసగా చదివాను. యాభై ఆరు. యాభై ఆరు. యాభై ఐదు. యాభై మూడు. పేజీలు తిప్పాను. యాభై. నలభై తొమ్మిది. ఆ రోజు పొద్దున నలభై ఏడు.

కళ్లముందే ఒక మనిషి తొమ్మిది కిలోలు కరిగిపోయింది. అది చూసి నాకు కలిగిన మొదటి భావం ఏమిటో దాచకుండా చెబుతున్నాను. ఆనందం. వ్యంగ్యం రాసేవాడికి లోకం తనంతట తాను తెచ్చి ఇచ్చిన సాక్ష్యం అది. రేపు ఎవరైనా కాదంటే చూపించవచ్చని ఆ పేజీలన్నీ ఫోన్లో ఫొటో తీసుకున్నాను.

ఆ రాత్రే రెండోది రాశాను. మొదటి దానికన్నా చాలా బాగా వచ్చింది. "దొంగతనం రుజువైంది" అని శీర్షిక. "మూడు నెలల్లో ఒక స్త్రీ నుంచి తొమ్మిది కిలోలు పోయాయి. గేటు దగ్గర పకడ్బందీగా కాపలా ఉంది కనుక ఆ తొమ్మిది కిలోలు బయటికి పోలేదు. ఇంకా కాలనీలోనే ఉన్నాయి. కాబట్టి మన ఇళ్లు సోదా చేయాలి. ఎవరి సోఫా మీద ఎంత ఉందో, ఎవరి కడుపులో ఎంత ఉందో తూచి చూడాలి" అని సాగుతుంది. గ్రూపులో పెట్టాను. కన్నీళ్లు వచ్చేలా నవ్వే బొమ్మలు వరదలా వచ్చాయి. "మాస్టారు మాస్టారే" అన్నాడు అధ్యక్షుడు. ఒక చిన్న వెబ్ పత్రిక వాళ్లు వేసుకున్నారు. ఎవరెవరో అభినందించారు. నేను మా కాలనీ మనసు మార్చేశానన్న నమ్మకంతో వారం రోజులు తిరిగాను. వంటింట్లో ఆమె దగ్గుతూనే ఉంది.

ఆ వారంలోనే క్లాసులో వ్యంగ్యం పాఠం వచ్చింది. పాత ఉదాహరణలు చెప్పి, ఇప్పటి ఉదాహరణగా నాది చదివాను. చదువుతుంటే పిల్లలు నవ్వారు. చివర్లో కొందరు చప్పట్లు కొట్టారు. వెనక బెంచీలో ఒకమ్మాయి చేయి ఎత్తింది. కీసర నుంచి బస్సులో వచ్చే పిల్ల, ఎప్పుడూ మాట్లాడదు.

"సార్, గా బరువు నిజంగనే తగ్గిందా, మీరు కల్పించిన్రా?"

"నిజమేనమ్మా. ప్రతి అంకె నిజం. అందుకే దానికి అంత బలం."

"మరి ఆమెకు ఏమైంది సార్?"

"ఏమైందంటే?"

"ఊకెనే తొమ్మిది కిలోలు ఎట్ల తగ్గుతరు సార్? దవాఖానకు తీస్కపోయిన్రా?"

నవ్వినవాళ్లు కూడా నావైపు చూస్తున్నారు. నాకు నోరు ఎండిపోయింది. కానీ అధ్యాపకుడి నోరు ఎండినా ఆగదు.

"ఇక్కడ బరువు ఒక ప్రతీకమ్మా" అన్నాను. "దోపిడీకి ప్రతీక. రచనను ఆ స్థాయిలో చదవాలి."

ఆ అమ్మాయి కూర్చుంది. నోట్సులో రాసుకోలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్తూ, రేపు పొద్దున ఆమె రాగానే మాట్లాడి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలని గట్టిగా అనుకున్నాను. ఆ రేపు రాలేదు. మర్నాడు పొద్దున మా ఇంటికి రాకముందే ఆమె చేసే మొదటి ఇంట్లో, అంట్లు తోముతూ దగ్గి, సింకులో రక్తం కక్కింది. ఆ ఇంటావిడ సింకును ఫొటో తీసి గ్రూపులో పెట్టింది.

అరగంటలో అధ్యక్షుడి వాయిస్ మెసేజ్ వచ్చింది. అదే మృదువైన గొంతు. "అందరూ కంగారు పడకండి. ఆ మనిషిని గేటు దాటి రానివ్వొద్దని చెప్పేశాను. ఆమె తోమిన గిన్నెలు వేడినీళ్లలో మరిగించండి. పిల్లల్ని దూరంగా ఉంచండి."

ఆ సమయానికి ఆమె గేటు దగ్గరే ఉందని తర్వాత వాచ్‌మన్ చెప్పాడు. బయటికి వెళ్లేటప్పుడు తూకం వేయాలి కదా. అలవాటు కొద్దీ ఆమే ఎక్కబోయిందట. ఈయన భయపడి, "వద్దు వద్దు, దాన్ని ముట్టకు" అన్నాడట. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని రోడ్డు మీదికి నడిచిందట. ఆ రోజు ఏ షేర్ ఆటో ఎక్కిందో, ఎక్కనిచ్చారో లేదో నాకు తెలియదు.

మా ఇంట్లో ఆమె చాయ్ తాగే స్టీలు గ్లాసు ఒకటి ఉండేది. నా భార్య దాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి చెత్తలో వేసి, గట్టు మీద కూర్చుని ఏడ్చింది. "మన పిల్లకి ఇంటర్ పరీక్షలున్నాయండీ" అంది, నేను ఏమీ అడగకముందే. నేను అడగదలచుకోలేదు. ఎందుకంటే నేను ఆ మధ్యాహ్నమే ఛాతీ ఎక్స్‌రే తీయించుకుని వచ్చాను. ఆమె కన్నా ముందు నాది తీయించాను. ఏమీ లేదన్నారు. ఆ మాట విని హాయిగా నిద్రపోయాను.

తొమ్మిది రోజులు ఆమె ఊసు ఎత్తలేదు. పదో రోజు ఆదివారం. బజారుకు వెళ్తున్నానని చెప్పి, ముఖానికి మాస్కు కట్టుకుని దేవరయాంజాల్ వెళ్లాను. గుడికి వెళ్లే దారిలో ఒకరిని అడిగితే వాళ్ల గల్లీ చూపించారు. ఒకే గది, పైన రేకులు. గడపలో ఆమె అత్త కూర్చుని ఉంది, బాగా ముసలామె.

"ఎవలు నువ్వు?"

"మీ కోడలు పని చేసిన ఇంటి సార్‌నమ్మా. చూసిపోదామని వచ్చాను."

ముసలామె నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "సూడొచ్చినవా, తూకమెయ్యొచ్చినవా?"

లోపలినుంచి, "ఊకో అత్తా" అన్న గొంతు వినిపించింది. ఆ గొంతు ఆమెదని పోల్చుకోవడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

గోడకు ఆనుకుని చాప మీద కూర్చుని ఉంది. దవాఖానలో ఇచ్చిన మాస్కు ముఖం కన్నా పెద్దదిగా ఉంది. టీబీ అని తేలిందట. ఆరు నెలలు గోలీలు మింగాలి. సర్కారు దవాఖానలో ఊరికే ఇస్తున్నారు.

"జర దూరం కూసో సార్. డాక్టరమ్మ గట్లనే జెప్పింది" అంది. నేను అప్పటికే దూరంగానే కూర్చున్నాను.

ఎలా ఉందని అడిగాను. తగ్గుతోందని చెప్పింది. ఆకలి కొంచెం అవుతోందట. బయట ఎవరో బోరు నీళ్లు పట్టుకుంటున్న చప్పుడు.

"గేటుకాడ తాత నాకు సదివి ఇనిపిచ్చిండు సార్, మీరు ఫోన్ల రాసింది. నా తొమ్మిది కిలోలది." ఆమె మొదటిసారి నన్ను మీరు అంది. "ముందల బోర్డు మీద కాయితం గూడ మీరే అంటిచ్చిన్రంట గదా?"

"అవును."

"కమిటీ అంటిరి గద నాకు?"

"అబద్ధం చెప్పాను."

"నవ్వులకు రాసిన్రా?"

"కాదు. వాళ్లకు సిగ్గు రావాలని రాశాను."

"వచ్చిందా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"నాకొచ్చింది సార్ సిగ్గు" అంది. గొంతు పెంచలేదు. "పొద్దుగాల ఒకసారి, మాపటికి ఒకసారి. దినాం వచ్చింది. పిల్లలు నా అంకె పలుకుతుంటే ఏడ బోవాల్నో సమజ్ కాకపోతుండె. తిండి మీద మనసే వోయింది. గందుకే సన్నబడుతున్న అనుకున్న నేను గూడ. రోగం అనుకోలే. మీ మిషన్ పరేషాన్ అనుకున్న."

చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చింది. ఆ మాటలో కూడా నాకు ఎక్కడో బాగుందనిపిస్తుందేమోనని భయమేసింది. అడగలేదు. అది తప్పో ఒప్పో ఇప్పటికీ తెలియదు.

ఆమే అంది, "ఒక పని జేస్తవా సార్? డాక్టరమ్మ అడిగింది. ఎప్పటిసంది తగ్గుతున్నవ్, ఎంత ఉంటివి అని. నాకేం తెల్వదు. మా గేటుకాడ బుక్కుల ఉన్నది అన్న. ఆమెకు నా మాట సమజ్ కాలె. గా బుక్కు జర తెస్తవా?"

"బుక్కు అక్కర్లేదు. నా ఫోన్లో ఉంది" అన్నాను.

"నీ ఫోన్ల ఎందుకున్నది?"

చెప్పాను. ఎవరైనా కాదంటే చూపించడానికి అని చెప్పాను. ఆమె నన్ను చాలాసేపు చూసింది. మాస్కు పైన కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. వాటిలో కోపం వెతికాను. అలసట తప్ప ఏమీ లేదు.

ఆ ఫొటోలు ప్రింటు తీసి మర్నాడు దవాఖానలో నేనే ఇచ్చాను. డాక్టరు చిన్న వయసు అమ్మాయి. పేజీలు తిప్పుతూ, "రోజూ రెండుసార్లు తూచారా? ఎందుకు?" అని అడిగింది. నేను కాలనీలో నియమం అన్నాను. "ఇంత పక్కాగా రాసుకుని, ఒక్కరు కూడా చూడలేదా?" అంది. నేను చూశానని చెప్పలేదు.

ఆ రాత్రి గ్రూపులో మూడోది రాశాను. ఈసారి ఏ పద్ధతీ లేదు. "బోర్డు మీద నోటీసు అంటించింది నేను. అది తప్పు. మనుషులను తూచడం నీచం. ఆమె జబ్బు ఆ పుస్తకంలో మూడు నెలల నుంచి కనిపిస్తూనే ఉంది. నేను చదివాను, చదివి దాని మీద జోకు రాశాను. మిషన్ తీసేయండి. ఆమెకు మనమంతా క్షమాపణ చెప్పాలి." ఇంతే. పొందిక చూసుకోలేదు, తిరిగి చదువుకోలేదు.

మొదటి నవ్వు బొమ్మ రావడానికి ఒక నిమిషం కూడా పట్టలేదు. తర్వాత వరసగా వచ్చాయి. "మాస్టారు మళ్లీ మొదలుపెట్టారు" అని ఒకరు. "ఇది మొదటి రెండింటి కన్నా బాగుంది సార్, చివరిదాకా సీరియస్‌గా లాక్కొచ్చారు" అని ఇంకొకరు. అధ్యక్షుడు చప్పట్ల బొమ్మ పెట్టి, "క్షమాపణ ఎంత బరువుండాలో కూడా రాయాల్సింది" అన్నాడు.

నిజంగానే అంటున్నానని మళ్లీ రాశాను. దానికి ఇంకా ఎక్కువ నవ్వారు.

మర్నాడు పొద్దున అధ్యక్షుడి ఇంటికి వెళ్లి ఎదురుగా నిలబడి చెప్పాను. ఈసారి నవ్వులాట కాదని నా ముఖం చూసి గ్రహించాడు. "ఒంట్లో బాగుందా మాస్టారూ?" అన్నాడు. కాఫీ తెప్పించాడు. ఓపిగ్గా విన్నాడు. చివరికి, "రాసినవారు మీరు, చేసినవాళ్లం మేము. ఇప్పుడు మీరు మంచివారై మమ్మల్ని చెడ్డవాళ్లను చేస్తే ఎలా?" అన్నాడు. ఆయన చెప్పినదాంట్లో మొదటి సగం నిజం.

సంక్రాంతి సెలవుల తర్వాత మిషన్ పాడైంది. ముల్లు ఒకచోట బిగుసుకుపోయి ఎవరు ఎక్కినా ఒకే అంకె చూపించేది. బాగు చేయించడం దండగని తీసేశారు. దాని బదులు గేటు దగ్గర కెమెరాలు పెట్టారు. కాలనీలో ఎవరిని అడిగినా, "అబ్బే, ఆ తూకం ఏదో తమాషాకి నాలుగు రోజులు పెట్టాం" అంటారు.

ఆమె గోలీలు ఒక్కరోజు కూడా మానకుండా మింగిందట. వేసవి చివరికి నయమైందన్నారు. ఇప్పుడు శామీర్‌పేట రోడ్డు మీద ఒక మొక్కల నర్సరీలో పని చేస్తోంది. ఒకసారి బస్సులోంచి చూశాను, తలకు తువ్వాలు చుట్టుకుని పైపుతో నీళ్లు పడుతోంది. మళ్లీ కొంచెం ఒళ్లు చేసినట్టే ఉంది.

నా భార్య ఒకరి ద్వారా కబురు పంపింది, మా ఇంటికి మళ్లీ పనికి రమ్మని. ఆమె రానని చెప్పి పంపింది. ఎందుకని కబురు తీసుకెళ్లిన మనిషి అడిగిందట. "గా గేటు లోపటికి నేను రాను" అందట, అంతే. మేము ఇంకెవరినో పెట్టుకున్నాం.